రెండు వందల తానులు

నిన్న ఈ అరబ్బు దేశంలో, డేరా వీధుల్లో పనిమీద పోతూ చూస్తే, మా మేనమామ బట్టల దుకాణం ఉన్నచోట ఫోన్ల కవర్లు వేలాడుతున్నాయి. పద్దెనిమిదేళ్లు అక్కడ బట్ట తానులు ఎత్తి దించుతూ, బడిలో అబ్బని లెక్కలు నా అంతట నేనే నేర్చుకున్నాను.

కరోనాకు దుకాణాలు మూసేసినప్పుడు ఆ మేడ పైఅంతస్తు గదిలో మేమిద్దరమే మిగిలాం. తన తాతగారి జీవితం రాయించాలని మామూకు ఏళ్లనాటి కోరిక. ఆ సంగతులు తెలిసినవాడు ఇక తనొక్కడే. తెల్లదొరల కాలంలో నెల్లూరులో సీమబట్టల వ్యాపారం చేస్తూనే, స్వరాజ్యం కోరేవాళ్లకు కొట్టు వెనక గదిలో చోటిచ్చిన మనిషి ఆయన. రోజూ టీ తాగాక మామూ చెప్పేవాడు, నేను రాసేవాణ్ణి.

పదకొండో పేజీలో, తాతగారు ఒక ఉదయం తన సీమబట్టలన్నీ, రెండు వందల తానులు, వీధిలో పోసి తగలబెట్టారని, అరగంటలో పోలీసులు వచ్చేసరికి కొట్టు ఖాళీ అని చెప్పాడు. కొట్టులో పనివాళ్లు ఇద్దరని అంతకుముందే రాశాను. మనిషికి విడతకు రెండు తానులు, విడతకు రెండు నిమిషాలు వేసుకున్నా వంద నిమిషాలు పడుతుంది.

"ఇది లెక్కకు రావడంలా మామూ," అన్నాను.

ఆయన నా కాగితం వెనక్కి నెట్టాడు.

"నువ్వు గోడౌను లెక్క రాస్తా ఉండావు. నేను మనిషి సంగతి చెప్తా ఉండా. ఖలాస్, ఇంక రాయబాక."

అసలు కథ జైల్లో మొదలవుతుందని ముందు రోజే ఊరించాడు. అది మాత్రం చెప్పలేదు. టీ పెట్టి ఇస్తే తాగాడు, క్షమించమంటే తలూపాడు, అంతే. ఆ తర్వాత ఆరో రోజు ఆయనకు జ్వరం. అంబులెన్సు వచ్చి తీసుకుపోయాక రెండు రోజులు ఫోనెత్తాడు, ఊపిరందక మాట్లాడలేకపోయాడు. మూడో రోజు ఎత్తలేదు.

నెలల తర్వాతగానీ నాకు తట్టలేదు. ఆ ఉదయం బజారు బజారంతా వచ్చి తానులు మోసి ఉంటే? ఇరవైమందికి పది నిమిషాల పని. జీతగాళ్లిద్దరినే ఎందుకు లెక్కేశానంటే, ఒక మనిషి కోసం వీధంతా కదలడం నా బతుకులో నేను చూడలేదు. అంబులెన్సువాళ్లు మామూను కిందికి దించుతుంటే అన్ని అంతస్తుల తలుపులూ మూసే ఉన్నాయి. మెట్ల పైనే నిలబడి, ఒక్క మెట్టు కూడా దిగనివాణ్ణి నేనూ.