నాలుగొందలు తగ్గించమని చేసిన ప్రార్థన

ఎనభయ్యో దశకం మొదట్లో మేం అమెరికాలో, మిస్సోరి రాష్ట్రంలో ఒక రెండంతస్తుల ఇంట్లో పైవాటాలో అద్దెకుండేవాళ్లం. నేను హాస్పిటల్లో నర్సుని. కాకినాడలో డిగ్రీ పిల్లలకి లెక్కలు చెప్పిన మావారు, నా వెనకాల వచ్చి, టీచర్ సర్టిఫికెట్ కోసం ఎదురుచూస్తూ ఇంట్లో ఉండేవారు. పాఠం చెప్పడానికి ఎదురుగా క్లాసు లేదు కదా, ఆ లెక్కలన్నీ నా మీద ప్రయోగించేవారు. కుక్కర్ సగటున ఎన్ని కూతలకి పప్పు ఉడికిస్తుందో కూడా రాసిపెట్టారు.

కిందివాటాలో ఒక ముసలావిడ ఒంటరిగా ఉండేది. కళ్లలో పొరలు కమ్మాయి, పేపర్లో చిన్నక్షరాలు కనబడవు. ఆగస్టులో ఒకరోజు పొద్దున్నే పేపర్ పట్టుకుని పైకొచ్చి తలుపు కొట్టింది.

"మీ ఆయనకి భాగహారం వచ్చా?" అని నన్నడిగింది.

మావారు కుర్చీలోంచి లేచారు. "నేను కాలిక్యులస్ చెప్పాను."

"అదంతా నాకు తెలీదు. ఇదిగో, ఈ కుర్రాడి పేరు వెతుకు. ఎన్నిసార్లు బ్యాటింగ్‌కి దిగాడో, ఎన్ని హిట్లు కొట్టాడో చూసి, సగటు ఎంతో చెప్పు."

అలా మొదలైంది. ఆ కుర్రాడు మా ఊరి బేస్‌బాల్ టీమ్‌లో ఆటగాడు. పదిసార్లు బ్యాట్ పట్టుకుని నిలబడితే మూడుసార్లు కొట్టినవాణ్ణే మొనగాడంటారట. ఇతను నాలుగుసార్లు కొడుతున్నాడు. సీజన్ ఆఖరిదాకా అలాగే కొడితే అతని సగటుని వెయ్యికి లెక్కగట్టి 'నాలుగొందలు' అంటారు. అప్పటికి దాదాపు నలభై ఏళ్లుగా ఆ పని ఎవరివల్లా కాలేదు.

మావారికి మొదట్లో ఆట మీద సదభిప్రాయం లేదు. "బౌలరు నాలుగు చెడ్డ బంతులేస్తే ఇతను ఊరికే నడుచుకుంటూ వెళ్లిపోతాడట. అది అసలు లెక్కలోకే రాదట. ఇదేం గణితమండీ?" అని ముసలావిడతో దెబ్బలాడేవారు. రెండు వారాలు తిరక్కుండా మా ఫ్రిజ్ తలుపు మీద గ్రాఫ్ పేపర్ వెలిసింది. సాయంత్రమైతే చాలు, పెన్సిలు చెవి మీద దోపుకుని కిందికి రేడియో వినడానికి పోయేవారు. ఆవిడ ఆయన్ని ప్రొఫెసర్ అని పిలవడం మొదలెట్టింది. ఆయన వంకాయ కూర మానేసి ఆవిడ ఇచ్చిన వేరుశనక్కాయలు తిని పడుకునేవారు.

హాస్పిటల్లోనూ అదే గోల. ఆపరేషన్‌కి తీసుకెళ్తున్న ఒకాయన, స్ట్రెచర్ మీంచి నా చెయ్యి పట్టుకుని, "సిస్టర్, నిన్న ఎన్ని కొట్టాడు?" అనడిగాడు. "రెండు" అన్నాను. హాయిగా కళ్లు మూసుకున్నాడు.

ముసలావిడకి ఒక పట్టుదల ఉండేది. ఆ అంకె పైకి అనకూడదు. అంటే దిష్టి. "అక్కడికి చేరాడా?" అనాలి, అంతే. మావారు నవ్వారు. "ప్రాబబిలిటీకి చెవులుండవమ్మా" అన్నారు. సెప్టెంబరు వచ్చేసరికి ఆయనే నా నోరు మూసేవారు.

సీజన్ ఇంకో రెండు వారాలుందనగా అతను సరిగ్గా అక్కడికి చేరాడు. ఆ ఆదివారం తెలుగు ప్రార్థన కూటం. ఐదారు కుటుంబాలం ఒకళ్లింటి బేస్‌మెంట్‌లో కలుసుకునేవాళ్లం. మా సంఘానికి పెద్దాయన ఒకరుండేవారు. నరసాపురం వైపు మనిషి, గట్టి గొంతు, కొంచెం చెవుడు. "ప్రార్థన మనవులేమైనా ఉన్నాయా?" అనడిగారు. నాకేం బుద్ధి పుట్టిందో, చెయ్యెత్తేశాను.

"మా టీమ్‌లో ఒక కుర్రాడండీ. నాలుగొందల దగ్గర ఊగిసలాడుతున్నాడు. అతని కోసం ప్రార్థించండి."

మావారు నాకేసి చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. అంకె అననే అన్నాను. కానీ అసలు ముప్పు అది కాదు. పెద్దాయన కళ్లు మూసుకుని అందుకున్నారు:

"తండ్రీ, మా అమ్మాయి హాస్పిటల్లో ఉన్న ఆ బిడ్డని చూడు! ఆ నాలుగొందల్ని తగ్గించు ప్రభువా! దించు తండ్రీ, మెల్లమెల్లగా దించు!"

నేను నర్సుని. నాలుగొందలంటే ఆయనకి షుగర్ తప్ప ఇంకేం తోస్తుంది? అందరూ ఆమెన్ ఆమెన్ అంటున్నారు. మధ్యలో ఆపడానికి నాకు ధైర్యం చాల్లేదు. మావారు మాత్రం ఒక్కసారి కూడా ఆమెన్ అనకుండా నేలకేసి చూస్తూ కూర్చున్నారు.

సోమవారం అతను ఒక్కటీ కొట్టలేదు. మంగళవారం ఒకటి. బుధవారం సున్నా. ఫ్రిజ్ మీద గీత కిందికి దిగుతుంటే మావారు అన్నం ముందు కూర్చుని, "మెల్లమెల్లగా దించమన్నాడు కదా" అని గొణిగారు.

"ప్రాబబిలిటీకి చెవులుండవన్నారుగా?" అన్నాను.

"దేవుడికుంటాయిగా!"

ఆ మరుసటి ఆదివారం పెద్దాయన గుమ్మంలోనే ఎదురొచ్చారు. "అమ్మాయ్, ఆ బిడ్డకి తగ్గిందా?"

"తగ్గిందండీ" అన్నాను, ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చి.

"స్తోత్రం!" అన్నారాయన. ఇక దాచలేక అంతా చెప్పేశాను. పాపం, మొహం పాలిపోయింది. ఆటలో ఆయనకి ఓనమాలు కూడా తెలీవు, అయినా, "ఎంత పని చేశానమ్మా! ఒక పిల్లాడి కష్టం మీద నీళ్లు పోశాను" అని కూలబడ్డారు. ఆ వారమంతా ఆయన ఉపవాసముండి, ఈసారి పైకి లేపమని ప్రార్థించారని వాళ్లావిడ ఫోన్ చేసి చెప్పింది.

సీజన్ ఆఖరి ఆట మధ్యాహ్నం. పెద్దాయన సూటూ బూటూతో మా ఇంటికే వచ్చేశారు. నలుగురం ముసలావిడ వరండాలో రేడియో చుట్టూ కూర్చున్నాం. జరిగిందంతా అప్పటికే ఆవిడకి చెప్పాను. నన్ను తిట్టలేదు. పెద్దాయన్ని ఎగాదిగా చూసి, "ఈయనకి అంత పలుకుబడి ఉంటే సీజన్ మొదలైన ఏప్రిల్లోనే పిలవాల్సింది" అంది.

మొదటిసారి అతను అవుటయ్యాడు. పెద్దాయన నా చెవిలో, "ఇంకా వీలుందా అమ్మా?" అన్నారు. నేను మావారికేసి చూశాను. ఆయన పెన్సిలు తిప్పుతూ, "ఉంది, ఉంది" అన్నారు.

ముసలావిడ నవ్వింది. "ప్రొఫెసర్, నాకు కళ్లు లేవు గాని లెక్కలొచ్చు. శుక్రవారంతోనే అయిపోయింది. ఈ రోజు నాలుగుకి నాలుగూ కొట్టినా అందదు."

మావారి చెవులెర్రబడ్డాయి. మూడు రోజులుగా ఆవిడకి తెలియకూడదని తప్పుడు సగటు చదివి వినిపిస్తున్నారట. లెక్కల్లో ఆయన అబద్ధమాడటం నాకు తెలిసి అదొక్కసారే. "మరి నాకెందుకు చెప్పలేదు?" అన్నారు.

"నువ్వు అంత కష్టపడి తప్పులు చేస్తుంటే ఎలా చెప్పను?"

మూడోసారి అతను హిట్ కొట్టాడు. రేడియోలో జనం హోరెత్తిపోయారు. అందదని వాళ్లకీ తెలుసు, అయినా లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారని రేడియో ఆయన చెప్పాడు. పెద్దాయన కూడా లేచి నిలబడ్డారు.

ఆట అయ్యాక ముసలావిడ, "ఈసారి నిజం అంకె చెప్పు" అంది. మావారు భాగహారం చేసి, "మూడొందల తొంభై. ఇంకో ఐదు హిట్లు పడుంటే సరిపోయేది" అన్నారు.

"ఐదా?" పెద్దాయన నిట్టూర్చారు. "వచ్చే ఏడు ముందే చెప్పమ్మా. సరిగ్గా వినిపించేట్టు చెప్పు."

ఆ మాట ముసలావిడకి నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ కుర్చీ ఆయన పక్కకి జరుపుకుని, బేస్ అంటే ఏమిటో మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టింది. నేను లోపలికెళ్లి నలుగురికీ కాఫీ పెట్టాను.