పేజీ కింది యాంకర్

ఆ కబురు మొదట నా చెవిన వేసింది మా వదిన. మా ఆయనకు పెద్దక్క, కాచిగూడలో ఉంటుంది. ఎవరిదో పెళ్లి కార్డు తమ్ముడి చేతికే ఇవ్వాలని ఆబిడ్స్‌లో ఆయన పనిచేసే పేపర్ ఆఫీసుకు వెళ్లింది. అటునుంచి అటే నాంపల్లిలో మా ఇంటికి వచ్చింది. చెప్పులు విడవకముందే మొదలుపెట్టింది.

"ఏం పిల్లా, నీ మొగని సంగతి నీకెరుకనా?"

"ఏమైంది వదినా?"

"గాడ కుర్చీల కూసోని నా చెవులతోని ఇన్న. పక్క సీట్ల ఒకామె ఉన్నది. ఆమెతోని అంటుండు, లేడీ పోతే పోనియ్, నాకు యాంకర్ ఉంటే చాలు అని. ఆమె కిలకిల నవ్వుతున్నది. లేడీ అంటే ఎవరే? నువ్వే గద!"

"మరి యాంకర్?"

"టీవీల ఉండరా, మైకు వట్టుకొని, జుట్టు ఇరబోసుకొని! అదిగూడ నేనే చెప్పాల్నా?"

టీ తాగింది. వెళ్లేముందు నా తల మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని మా సంసారం కోసం ప్రార్థన చేసింది. మధ్యలో "యాంకర్ బారి నుంచి తప్పించు తండ్రీ" అని కూడా అడిగింది. నేను ఆమేన్ అన్నాను.

నేను బడికి పోయినదాన్ని కాను. చిన్నప్పుడు ఆయాసం ఉండేది. మెదక్‌లో మిషన్ బడి పంతులైన మా నాన్న, ఊరి పిల్లలందరికీ చెప్పి వచ్చి, సాయంత్రం నాకు ఇంట్లో చెప్పేవాడు. పలక, బైబిలు, ఒకరోజు ఆలస్యంగా చేతికొచ్చే పేపరు, ఇవే నా పుస్తకాలు. అంత ఓపికగల నాన్నను ఇచ్చినందుకు దేవునికి ఎన్ని స్తోత్రాలు చెప్పినా తీరదు. ఒక్కటే వెలితి. నలుగురు పిల్లలు ఒకే బెంచీ మీద ఇరుక్కుని కూర్చుంటే వాళ్లకు మాత్రమే తెలిసే మాటలు కొన్ని పుడతాయి. అలాంటి మాటలు నాకు లేవు. ఆ బెంచీ మా ఆయనకు ఆఫీసులో ఉంది.

ఆయన సబ్ ఎడిటర్. విలేకరులు పంపిన వార్తలను దిద్ది, హెడ్డింగులు పెట్టి, పేజీలో అమర్చే పని. మధ్యాహ్నం వెళ్తే తిరిగొచ్చేసరికి నేను నిద్రలో ఉంటాను. మా ఇద్దరికీ మిగిలేది పొద్దుటి టీ. మర్నాడు ఆ టీ దగ్గరే అడిగేశాను.

"లేడీ పోతే పోనీ అన్నరట?"

ఆయన ముందు తెల్లబోయాడు. తర్వాత టీ పొలమారేలా నవ్వాడు. పేపరు తెచ్చి నేల మీద పరిచాడు.

"లేడీ గాదే, లీడ్. గిదో, పైన పెద్దక్షరాలతోని ఉన్నది లీడ్. అన్నిటికన్న పెద్ద వార్త. నిన్న రావాల్సింది రాలె. గిది యాంకర్. పేజీ కింద ఈ మూల నుంచి ఆ మూల దాక పరుస్తం. ఉరుకులాట వార్త గాదు, కూసోని చదువుకునేది. లంగరు లెక్క. పైన ఏది కొట్టుకపోయినా పేజీని గిదే పట్టుకుంటది."

"ఎవరు రాసిన్రు?"

"పేరు రిపోర్టర్‌ది. ఆయన పంపింది నాలుగు ముక్కలు. రాసింది మా మేడమ్. పక్క సీటు."

పక్క సీటు అని ఎంత తేలిగ్గా అన్నాడో! టీవీ మనిషి కాదని తెలిసినందుకు దేవునికి కృతజ్ఞతలు చెప్పుకున్నాను. ఆ నెమ్మది గ్లాసులో టీ అయిపోయేదాకా కూడా నిలవలేదు. టీవీ మనిషి అయితే అద్దం వెనక ఉంటుంది. ఈమె పక్కనే ఉంటుంది.

ఆ రోజు నుంచి నా చెవులు నా మాట వినలేదు. పొద్దున ఆమె ఫోను వచ్చేది. పేపరు ముందేసుకుని ఇద్దరూ మాట్లాడుకునేవారు. "ఆ చివరి రెండు లైన్లు లేపెయ్యాల్సింది" అనేవాడు. లేపెయ్యడమంటే తీసెయ్యడం. "అయ్యో, మనకు మిస్సయింది" అంటే ఏదో వార్త పక్క పేపర్లో వచ్చింది, వీళ్లకు రాలేదు. "రిపీటైంది చూసినవా" అంటే ఒకే వార్త రెండు పేజీల్లో పడింది. ఇంట్లో చావు కబురు వచ్చినట్టు ఇద్దరూ అయ్యయ్యో అనుకుని, అంతలోనే పగలబడి నవ్వేవారు. మా వదిన లేడీ ముచ్చట కూడా ఆమెకు చెప్పేశాడు. అవతలి నవ్వు వంటింట్లో ఉన్న నాకు వినపడింది. మా ఇంటి మాట పాలు పొంగేలోపే బయటికి పోయింది.

ఒకరోజు నేనూ ఒక మాట వేశాను. పప్పు వడ్డిస్తూ "ఇయ్యాల మ్యాటర్ ఎక్కువైంది" అన్నాను. వార్త పేజీలో పట్టనప్పుడు వాళ్లనే మాట అది.

ఆయన పళ్లెంలోకి చూశాడు. "నీళ్లెక్కువైనయ్ అను" అన్నాడు.

ఆ మాటే ఆమె అని ఉంటే?

ప్రార్థనలో నాకు ఒక వరస ఉంది. ఇంటికి స్తోత్రం, ఆరోగ్యానికి స్తోత్రం, ఆయన ఉద్యోగానికి స్తోత్రం. అక్కడికి రాగానే పక్క సీటు అడ్డం పడేది. ఆమెను దీవించు అనాలి. దానికి బదులు "ప్రభువా, ఆమెను వేరే పేజీకి మార్చు" అనేదాన్ని.

ఆ మధ్య మా తమ్ముణ్ని రైలెక్కించడానికి నాంపల్లి స్టేషన్‌కు వెళ్లాను. ఎర్ర చొక్కాల కూలీలు వరసగా గోడకు ఆనుకుని కూర్చున్నారు. దిగినవాళ్లందరూ చక్రాల పెట్టెలు గరగరా లాక్కుంటూ వాళ్ల ముందునుంచే పోతున్నారు. మర్నాడు టీ దగ్గర ఆ సంగతి చెప్పి, "పెట్టెలకు కాళ్లొచ్చినయ్. పాపం, కూలీలకు పని పోయింది" అన్నాను. ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండానే ఊఁ కొట్టాడు.

కొన్నాళ్లకు యాంకర్ వచ్చింది, స్టేషన్ కూలీల మీద. కింద ఈ మూల నుంచి ఆ మూల దాకా హెడ్డింగు: "పెట్టెకు కాళ్లొచ్చాయి!"

ఆయన పేజీ ఎత్తి నాకు చూపించాడు. "చూడు, మేడమ్ ఎట్ల పెట్టిందో! గిట్ల ఇంకెవరికొస్తది?"

"మంచిగున్నది" అన్నాను. లోపలికి వెళ్లి, కడిగి బోర్లించిన గ్లాసునే మళ్లీ కడిగాను.

చెప్పవచ్చు, అది నా మాట అని. చెబితే ఆయన నవ్వుతాడు, ఔనా అంటాడు, సరే అంటాడు. నాకు కావలసింది అది కాదు. నా మాట చూడగానే ఆయనకు నేను గుర్తుకు రావాలి. నేను గుర్తు చేస్తే వచ్చేది నాకెందుకు? ఆ ఉదయం ఫోనులో ఆయన ఆమెను మెచ్చుకుంటూనే ఉన్నాడు. వింటూ పోపు మాడబెట్టాను.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చూస్తున్నాం. మడత గొడుగు చంకలో పెట్టుకుని, సన్నగా, నూలు చీర కట్టుకున్న ఒకామె నిఘంటువు బేరమాడుతోంది. మమ్మల్ని చూసి పుస్తకం వదిలేసి వచ్చింది.

"నమస్తే అక్కా. యాంకర్‌ను నేనే" అంది.

నవ్వక తప్పలేదు.

"మీ వదినకు చెప్పున్రి, జుట్టు ఇరబోసుకునేంత లేదని" అని తన చిన్న ముడి చూపించింది. తర్వాత మా ఆయన వైపు తిరిగింది. "సార్, అక్క ముందర అడుగుతున్న. ఆ కూలీల హెడ్డింగ్ ఎవరిది?"

"నీదే గద."

"నాది గాదు. మీరే ఫోన్ల అన్నరు, నేను వట్టుకున్న. మీదిగూడ గాదు. మీకు ఒదిలిపెడితే 'కూలీల ఉపాధికి గండి' అని పెడ్తరు. పెట్టెకు కాళ్లు మీకెక్కడికెళ్లి వస్తయ్ సార్? గది ఇంట్ల మాట. విన్నప్పుడే అనుకున్న, అక్కదే అని."

ఆయన నా వైపు తిరిగాడు. "ఔనా? నువ్వన్నదా?"

నేను తలూపాను. పుస్తకాల మనిషి కూడా చూస్తున్నాడు. నాకు కళ్లు చెమ్మగిల్లాయి. ఎంత గొప్ప మనిషి ఎదురైంది అనుకున్నాను, స్తోత్రం అనుకున్నాను. ఆ వెంటనే అంతకంటే పెద్ద మంట లేచింది. నా మాటను గుర్తుపట్టింది ఆయన కాదు, ఆమె.

చెడ్డదై ఉంటే నాకు ఎంత హాయిగా ఉండేది!

వానాకాలంలో వాళ్ల పేపర్లో పేజీలు తగ్గించారు. వార్తలు దిద్దే డెస్కులు రెండు కలిపి ఒకటి చేశారు. మా ఆయన కుర్చీ మిగిలింది, పక్క కుర్చీ మిగలలేదు. వేరే పేజీకి మార్చమని నేనడిగితే అసలు పేజీయే లేకుండా పోయింది. మా వదిన వచ్చి, "యాంకర్ పీడ పోయినట్టేనా పిల్లా?" అంది. పోయిందన్నాను. "స్తోత్రం!" అంది. ఈసారి నాకు ఆమేన్ రాలేదు.

ఇప్పుడు పొద్దున్నే ఫోను మోగదు. ఆయన పేపరు నా ముందు పరుస్తాడు. "ఈ యాంకర్ చూడు, హెడ్డింగ్ ఏం పెడ్తే బాగుంటుండె?" అంటాడు. చెబుతాను. మొన్న "చివరి లైను లేపెయ్యండి" అన్నాను. నవ్వకుండా ఒప్పుకున్నాడు. నేను కోరుకున్న బెంచీ నాకు దొరికింది. ఇన్నేళ్లకు దొరికినందుకు కృతజ్ఞురాలిని. కానీ ఆయన చదివి, ఒక్క క్షణం ఆగి, "మేడమ్ ఉంటే ఇంకో మాట ఏసేది" అంటాడు. ఆ ఒక్క క్షణం ఇప్పటికీ ఆమెదే. ఇంకా కష్టమేమిటంటే, ఏ మాట వేసేదా అని నేనూ ఆలోచిస్తాను.

ఆమె గౌలిగూడలో వాళ్లమ్మ దగ్గర ఉంటోంది, పని వెతుక్కుంటోంది. ఇది రాస్తున్నానని ఫోను చేసి, పేరు రాయనా అని అడిగాను. "డెస్కోళ్లకు పేరేంది అక్కా" అని నవ్వింది. అన్నేళ్లు రాసినా ఆమె పేరు ఎక్కడా అచ్చు కాలేదు.

మీ ఇంటికి వచ్చే పేపర్లో, పేజీ కింద, ఎవరి పేరు ఉన్నా సరే, ఎక్కడైనా ఒక ఇంటి మాట తగిలితే ఆమెను తలచుకోండి. ప్రార్థన అలవాటున్నవాళ్లు ఆమెకు మళ్లీ ఒక సీటు దొరకాలని అడగండి. మా ఆయన పక్కదే కానక్కర్లేదు.