కపటం ఎరుగని రొయ్య

ఆ రోజుల్లో రాజమండ్రి మొత్తం మీద కంప్యూటరు మెడలు వంచి పని చేయించగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. గొప్ప కోసం చెప్పడం లేదు. అచ్చుకి సిద్ధం చేసిన పుస్తకంలోంచి బొమ్మల్నీ, వాటి కింద రాసిన మాటల్నీ విడదీసి పక్కన పెట్టమంటే మిగతావాళ్ళు పొద్దున కూర్చుని చీకటి పడ్డాక లేచేవారు. నేను గ్లాసులో టీ చల్లారేలోగా ముగించేవాణ్ణి. ఆ వింత చూడటానికి సామర్లకోట నుంచీ, పాలకొల్లు నుంచీ జనం వచ్చేవారు. (పాలకొల్లు నుంచి వచ్చింది ఒక్కాయన. అదీ కూతురి శుభలేఖల కోసం. తలుపు దగ్గర నిలబడి కాసేపు నా వైపు చూసిన మాట మాత్రం నిజం.)

రెండువేల సంవత్సరం దాటిన కొత్త అది. స్టేషనుకి దగ్గర్లో ఒక సందులో ఉండేది మా డీటీపీ సెంటరు. పక్క కుర్చీలో ఒక ఆపరేటరు గారుండేవారు. ఆవిడ కీబోర్డు మీద చెయ్యి వేస్తే చేటలో బియ్యం చెరుగుతున్నట్టు ఆగని చప్పుడు. (తర్వాత ఆవిడ నన్ను పెళ్ళి చేసుకున్నారు. ఇప్పుడు పక్క గదిలోనే ఉన్నారు కాబట్టి ఈ భాగం కొంచెం జాగ్రత్తగా రాస్తున్నాను.) తెలుగు మాటల్ని ఇంగ్లిషు అక్షరాల్లో కొడితే తెలుగులో అందంగా పేజీలు కట్టి ఇచ్చే పద్ధతి ఒకటి నేను మా షాపులోకి తెచ్చాను. ఆ పద్ధతిలో తయారైన మొదటి పుస్తకం రొయ్యల మాస్టారిది. ఆయన కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యారు. చెరువుల వెంట తిరిగి రొయ్యల జబ్బుల మీద పుస్తకం రాశారు. రాయమని పోరు పెట్టిన భార్య అది అచ్చులో చూడకుండానే పోయారు. అందుకని ఎలాగైనా అచ్చు వేయించాలని మాస్టారి పట్టుదల.

అచ్చు ఖర్చు పెట్టుకుంటానన్నది భీమవరం వైపు రైతుల సంఘం ప్రెసిడెంటు గారు. కాకపోతే ఒక షరతు పెట్టారు. ముందు పుస్తకంలోని బొమ్మల్ని పెద్ద చార్టులుగా చేసి సంఘం మీటింగులో గోడకి కట్టాలి, రైతులకి నచ్చితేనే పుస్తకం. నచ్చకపోతే మాస్టారి కాగితాలు మళ్ళీ ఆయన సంచీలోకే.

మీటింగు ముందురోజు ఆపరేటరు గారు, "ఒక్కో బొమ్మా, దాని కిందిమాటా చేత్తో తీసి పెట్టేస్తానండి. సాయంత్రానికి అయిపోద్ది," అన్నారు.

"చేత్తో ఏంటండీ, ఏ కాలంలో ఉన్నాం? స్క్రిప్టు రాస్తాను," అన్నాను.

"సినిమాకా?" అన్నారు అప్పుడే లోపలికొచ్చిన ఓనరు గారు.

స్క్రిప్టంటే కంప్యూటరుకి వరసగా చెప్పే పనులని వివరించాను. (నేను రాశానని అందరితో అన్నాను గానీ, అది ఒక కంప్యూటరు పత్రికతో వచ్చిన సీడీలో ఉన్నదే. నేను మార్చింది ఒక్క మాట.) మాస్టారు ప్రతి బొమ్మ కిందా "పటం" అని మొదలుపెట్టి, అంకె వేసి, సంగతి రాశారు. కాబట్టి 'పటం' అన్న అక్షరాలు ఎక్కడ కనిపిస్తే ఆ వాక్యం ఏరుకో, బొమ్మల్నీ వరసగా ఏరుకో, మొదటిదాని కింద మొదటిది, రెండోదాని కింద రెండోది పెట్టుకుంటూ పో అని చెప్పాను. నిజంగానే టీ చల్లారలేదు. చార్టులు ప్రింటు తీసి, అట్టల మీద అతికించి, చుట్టూ కాగితం కట్టేశాం. విప్పి చూడాలని నాకు తోచలేదు. అంత నమ్మకం.

మర్నాడు మాస్టారూ నేనూ ఆ కట్ట పట్టుకుని భీమవరం బస్సెక్కాం. హాల్లో కుర్రాళ్ళు చార్టులు కడుతుంటే మాస్టారు రైతుల్ని పలకరిస్తున్నారు. నేను గుమ్మం దగ్గర నిలబడి పొగడ్తల కోసం ఎదురుచూస్తున్నాను. ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు వెనక వరసలకి పాకింది. అప్పుడు చూశాను గోడ వైపు. మొదటి చార్టులో నిగనిగలాడే టైగరు రొయ్య. దాని కింద: "కపటం ఎరుగని నా ఇల్లాలికి ఈ పుస్తకం."

మాస్టారి అంకితం వాక్యంలోని 'కపటం' లోపల నా 'పటం' ఉంది. కంప్యూటరు దాన్ని మొదటి కిందిమాటగా ఏరుకుంది. దాంతో మిగతావన్నీ ఒక్కో అడుగు కిందికి జరిగాయి. రెండో చార్టులో జబ్బు రొయ్య కింద "పటం 1: ఆరోగ్యానికి నమూనా, మార్కెట్లో మంచి గిరాకీ" అని ఉంది. అది ఎలాగో సర్దుకోవచ్చు. మూడో చార్టు, చెరువు గట్టు మీద తెల్లచొక్కాతో నవ్వుతున్న ప్రెసిడెంటు గారి ఫొటో. దాని కింద: "పటం 2: తిండి మానేసి గట్టు వారకి చేరి మందకొడిగా ఉంటుంది, కనిపించిన వెంటనే తీసి దూరంగా పాతిపెట్టాలి."

ప్రెసిడెంటు గారు ఆ వాక్యం రెండోసారి కూడా చదువుకున్నారు. హాల్లో నవ్వు ఆగిపోయింది. "ఇదెవరు చేశారండి?" అన్నారు, చాలా నెమ్మదిగా.

నేను గుమ్మం చాటుకి జరిగాను. మాస్టారు నా వైపు ఒకసారి చూసి ముందుకెళ్ళారు. "నేనేనండి. కంటి ఆపరేషనయ్యాక చూపు సరిగా ఆనట్లేదు. కాగితాలు తారుమారుగా అతికించాను," అని, రైతుల వైపు తిరిగారు. "ఇన్నేళ్ళూ చెరువు చెరువుకీ వచ్చి చెప్తే ఒక్కరూ చెవిన పెట్టలేదు. ఇవాళ అందరూ చదివారు. జబ్బు రొయ్య ఎలా ఉంటుందో ఇంక జన్మలో మర్చిపోరు. అవునా కాదా?"

వెనక నుంచి ఒక ముసలి రైతు, "మర్చిపోంలెండి మాస్టారూ. ప్రెసిడెంటు గారు గట్టు మీద కనపడ్డప్పుడల్లా గుర్తొస్తది," అన్నాడు.

హాలు గొల్లుమంది. ప్రెసిడెంటు గారు కాసేపు బిగపట్టి, ఇక ఆపుకోలేక తానూ నవ్వేశారు. "పుస్తకం అచ్చయ్యేదాకా నన్ను పాతిపెట్టకండి మాస్టారూ. ఆ తర్వాత మీ ఇష్టం," అన్నారు.

తిరుగు బస్సులో తల దించుకుని కూర్చున్నాను. "అంకితంలో ఆ 'కపటం' తీసేసి వేరే మాట వేస్తానండి," అన్నాను. మాస్టారు కిటికీలోంచి చూస్తూ, "వద్దు బాబూ. అది మా ఆవిడకి రాసుకున్న మాట. నువ్వు నీ మిషనుకే నేర్పించుకో," అన్నారు. జరిగింది మా ఓనరు గారికి కూడా ఆయన ఎప్పుడూ చెప్పలేదు. వాక్యం మొదట్లో వచ్చే 'పటం' మాత్రమే ఏరుకోమని స్క్రిప్టులో దిద్దాను. నేను నిజంగా, సొంతంగా రాసింది ఆ చిన్న దిద్దుబాటే. దాన్ని పట్టుకుని ఆ తర్వాత ఎన్నో పుస్తకాల పని చేశాను, ఇల్లు నడిపాను. మాస్టారు సంతకం చేసి ఇచ్చిన పుస్తకం కాపీ ఇప్పటికీ నా బల్ల మీదే ఉంటుంది. అంకితం పేజీ తిప్పినప్పుడల్లా గుమ్మం దగ్గర పొగడ్తల కోసం నిలబడ్డ ఆ కుర్రాడు కనిపిస్తాడు. వాడి మీద జాలీ, నవ్వూ కలిసి వస్తాయి. ఆ రోజు వాడి తప్పు తన మీద వేసుకున్న మనిషికి సరిగ్గా ఒక దణ్ణం కూడా పెట్టలేదు వాడు. ఆ బాకీ ఇప్పుడు తీర్చుకుంటున్నాను.

ఇంతవరకూ రాసి పక్క గదిలోకి తీసుకెళ్ళి ఇచ్చాను. మా ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివింది.

"పటం అని వెతికితే కపటం కూడా వచ్చేస్తుందండీ, చూసుకోండి అని నేను ముందే చెప్పాను. రొయ్యల పుస్తకంలో కపటం ఎందుకుంటుందండీ అని మీరు నవ్వారు. అది రాయలేదేంటి?"

"మర్చిపోయాను," అన్నాను.

కాగితాలు నా చేతిలో పెట్టేసింది. "మాస్టారి పుస్తకంలో కపటం ఒక్క చోటే ఉంది. మీ దాంట్లో మొదటి వాక్యంలోనే మొదలైంది."