వెంకటనర్సు ఫోనెత్తితే రికార్డే

కట్టంగూర్‌లో వెంకటనర్సుకు ఫోన్ చేసినవాళ్లు ఎవరైనా సరే, "హలో" కన్నా ముందు ఒక మాట వినాల్సిందే.

"రికార్డయితాంది. జర సూసి మాట్లాడు."

పెళ్లి పిలుపైనా, చావు కబురైనా, ఆఖరికి రాంగ్ నంబరైనా ఆ మాట తప్పేది కాదు. దాంతో చుట్టాలందరికీ ఆయనతో మాట్లాడటానికి వేరే భాష అలవాటైంది. ఎదురుపడితే "ఏం బావా, సచ్చినవా బతికినవా" అనే వియ్యంకుడు ఫోన్లో మాత్రం "నమస్కారం. మా ఊరిలో వర్షం కురిసినది. మేమందరం క్షేమము" అని రేడియో వార్తలు చదివినట్టు చదివేవాడు. కూతురు ప్రియాంకకు అత్తగారి మీద చెప్పుకోవాల్సినవి బోలెడుండేవి. అవన్నీ మింగేసి, "మిగతాది ఇంటికొచ్చినంక చెప్త బాపూ" అని పెట్టేసేది.

ఈ రికార్డుల బరువంతా మోసింది కోమల. బస్టాండు పక్కన సెల్‌ఫోన్ రిపేరు దుకాణం ఆమెది. పొద్దున షట్టరెత్తింది మొదలు అవే ప్రశ్నలు. చార్జింగ్ ఎందుకెక్కుతలేదు, సౌండ్ ఎందుకొస్తలేదు, నొక్కితే ఇంకేదో ఎందుకొస్తాంది. ఒకే జవాబు ఒకే మనిషికి మూడుసార్లు చెప్పాలి. పొద్దుగూకే వేళకు ఆమెకు తన గొంతు తనకే వినబుద్ధయ్యేది కాదు. సరిగ్గా అప్పుడే మగ్గం దిగి, తువ్వాలలో ఫోన్ చుట్టుకొని వెంకటనర్సు దిగబడేవాడు.

"బిడ్డా, ఫోన్ల జాగ నిండిందంట."

"ఎన్ని రికార్డులున్నయ్ పెద్దనాయినా?"

"ఎక్కువ లెవ్వు. రెండు వేల చిల్లర."

"గ్యాస్ బండ తెచ్చేటాయన 'అయిదు నిమిషాల్ల వస్తున్న' అన్నది గూడ ఉంచినవ్. తీసేయనా?"

"వద్దొద్దు. గా అయిదు నిమిషాలు ఇంక గాలే. శనివారం సంది నడుస్తనే ఉన్నయ్."

మొదట్లో ఆయన ఎవరికీ చెప్పకుండానే రికార్డు చేసేవాడు. ఒకసారి బావమరిది అశోక్‌కుమార్ మాటలు పొరపాటున అతని ముందే మోగాయి. "నన్నడగకుండ నా మాటలు రికార్డు చేస్తవా? కేసేస్త!" అని అశోక్‌కుమార్ ఎగిరాడు. వెంకటనర్సు భయపడి నల్లగొండలో కృష్ణకాంత్ అనే వకీలుకు ఫోన్ చేశాడు.

"ఫోన్ రికార్డు చేసుడు తప్పా సార్?"

"ఇప్పుడు గిది రికార్డయితాందా?"

"అయితాంది సార్."

"అయితే ఆఫీసుకు రా."

ఆఫీసులో వకీలు ముందుగా ఆయన ఫోన్ తీసుకొని సొరుగులో పెట్టి, ఆ తర్వాతే నోరు విప్పాడు. "నీతోని మాట్లాడింది నువ్వు పట్టుకునుడు ఒక తీరు. వేరేవాళ్లు మాట్లాడుకునేది దొంగతనంగ వినుడు ఇంకో తీరు, అది నేరం. నీ దగ్గరున్నది నలుగుట్ల పెట్టినవనుకో, వాళ్ల పరువు, గుట్టు అని లొల్లయితది. కోర్టులు గూడ అన్నిసార్లు ఒక్క తీరుగ చెప్పలే. అందుకే, ముందుగాల చెప్పి చెయ్."

ఆ రోజు నుంచి మొదలైందే ఆ హెచ్చరిక. వద్దన్నవాళ్లవి ఆయన రికార్డు చేసేవాడు కాదు. కానీ వద్దనే ధైర్యం వియ్యంకుడికి లేదు, ఓపిక కూతురికి లేదు.

ఇలా సాగుతుండగా ఫోన్‌లో కొత్త అప్‌డేట్ దిగింది. మర్నాడే వెంకటనర్సు పరుగున వచ్చి ఒక రికార్డు వినిపించాడు. అందులో ఆయన గొంతు ఒక్కటే ఉంది. "ఆఁ… ఊఁ… గట్లనా… సరే బిడ్డా…" మధ్యలో అంతా నిశ్శబ్దం.

"కంపెనోళ్లు అవతలోళ్ల గొంతు పట్టే దారి మూసేసిన్రు పెద్దనాయినా," అంది కోమల. "గీ రికార్డు యాప్‌కు ఇగ నీ గొంతే దొరుకుతది. కొన్ని ఫోన్లల్ల రికార్డు కంపెనీదే ఉంటది గని, అండ్ల 'కాల్ రికార్డవుతోంది' అని ఒకామె చెప్తది."

"నేను చెప్పే మాట ఆమె చెప్పుడేంది?" అని ఆయన నొచ్చుకున్నాడు.

రెండో రోజు మళ్లీ వచ్చాడు. మూడో రోజూ వచ్చాడు. ఆ రోజు కోమలకు పొద్దుటి నుంచీ తల పగిలిపోతోంది.

"ఎన్నిసార్లు చెప్పాలె నీకు?" అని అరిచేసింది. "చెప్పిందే చెప్పి యాష్టకొస్తాంది. మనుషుల మీద నమ్మకం లేకనేనా గీ రికార్డులు?"

వెంకటనర్సుకు కోపం రాలేదు. స్టూలు మీద కూర్చొని తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

"రెండొద్దుల సంది మా వదినె గోలీలు ఏసుకుంటలేదు బిడ్డా."

ఆ వదినె మల్లమ్మ, ఆయన చనిపోయిన అన్న భార్య. గుండె జబ్బు. నెలనెలా రక్తపరీక్ష చూసి ఏ గోలి ఎంత వేసుకోవాలో దవాఖాన నుంచి ఫోన్లో చెబుతారు. ఆమెకు చదువు రాదు, విన్నది నిలవదు. రెండేళ్ల కింద అడిగిందే అడిగితే అక్కడెవరో విసుక్కున్నారు. మల్లమ్మ చిన్నబోయి అడగడం మానేసింది. తోచిన గోలి తోచినంత వేసుకొని, కళ్లు తిరిగి పడి, పదకొండు రోజులు దవాఖానలో ఉంది.

"ఏమని విసుక్కున్రు?" అని అడిగింది కోమల.

"నువ్వన్నదే. ఎన్నిసార్లు చెప్పాలె నీకు, అని."

కోమల చేతిలోని స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టేసింది.

"గప్పటి సంది నేనే దవాఖానకు ఫోన్ చేసి రికార్డు పడ్తున్న. వదినె ఇరవైసార్లు విన్నా ఫోనుకు యాష్ట రాదు గద. ఈ నెలదే పడలే."

"నువ్వే చెప్పొచ్చు గద పెద్దనాయినా?"

"నా మాట ఇనది. 'మగ్గం పోగులే సక్కగ లెక్కపెట్టనోనివి, గోలీలు లెక్కపెడ్తవా' అంటది."

"మరి ఊరందర్ని ఎందుకు రికార్డు చేసుడు?"

వెంకటనర్సు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "దవాఖానదొక్కటే చేస్తే ఎందుకని అడుగుతరు. మల్లమ్మకు మతి నిలుస్తలేదంటే ఆమె పాణం ఒప్పది. అందర్ని చేస్తే వెంకటనర్సుకు పిస లేసింది, పిచ్చోడంటరు. అననీ."

కోమల ఆయన దగ్గర నంబరు తీసుకొని, తన ఫోన్ తీసి, దవాఖానలో ఇప్పుడున్న సిస్టర్ స్నేహలతకు చేసి సంగతంతా చెప్పింది. "రికార్డు ఎందుకమ్మా, నేనే వాయిస్ మెసేజ్ పంపుత. ఎన్నిసార్లయినా వింటది" అంది స్నేహలత. కాసేపటికే వెంకటనర్సు ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. కోమల షట్టరు సగం దించి ఆయన వెంట నడిచింది.

మల్లమ్మ గోలీల డబ్బా ఒళ్లో పెట్టుకొని ఫోన్‌కు చెవి ఆనించింది. "మల్లమ్మవ్వా, తెల్ల గోలి పొద్దున ఒకటి. గులాబి గోలి సగం, మాపటికి." ఆమె శ్రద్ధగా తలూపి, "సరే బిడ్డా. తిన్నవా?" అని అడిగింది.

"అది పంపిన మాట అవ్వా, జవాబియ్యది," అంది కోమల.

"ఇయ్యకుంటె మానె. అడిగితే నా సొమ్మేం పోయింది?"

అయిదుసార్లు వింది. అయిదుసార్లూ అడిగింది. అయిదోసారికి కోమల తనకు తలనొప్పి ఉందన్న సంగతే మర్చిపోయింది. దుకాణానికి తిరిగొస్తూ ఈ ముచ్చట స్నేహలతకు చెప్పి నవ్వింది.

మరుసటి నెల కొత్త మెసేజ్ వచ్చింది, వినిపించడానికి కోమల కూడా వెళ్లింది. గోలీల సంగతంతా అయ్యాక, చివర ఇంకో మాట వినిపించింది.

"నేను తిన్న అవ్వా. పప్పుచారు. నువ్వు తిన్నవా?"

మల్లమ్మ ఫోన్ దించి కోమల వైపు గర్వంగా చూసింది.

"జవాబియ్యదంటివి గదనే?"