పెట్టె అందుకున్న పద్యం

ఎవరికి చెప్పాలో తెలియక మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. ఆ మాత్రం చాటు లేకపోతే నా నోరు ఇప్పటికీ పెగలదు. నా చేతిరాత వల్ల ఒక మనిషి నోటి దగ్గర కూడు పోయింది. దానితో పాటు పేరూ పోయింది. ఆయన చెయ్యని పనికి జనం ఆయన్ని అసహ్యించుకుంటుంటే, చేసినవాణ్ణి నేను, పక్కనే నిలబడి చూశాను. ఆ తర్వాత పెళ్ళి చేసుకున్నాను, పిల్లల్ని పెంచాను, బళ్ళో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. "మాస్టారు మంచివారు" అని ఎవరైనా అంటే ఇప్పటికీ నాకు ఒంటి మీద జెర్రి పాకినట్టుంటుంది.

అరవైల మొదట్లో సంగతి. జగ్గయ్యపేట బళ్ళో నాకు కొత్తగా ఉద్యోగం వచ్చింది. పాఠాల కంటే రాతల పిచ్చి ఎక్కువ. బెజవాడ నుంచి వచ్చే ఒక వారపత్రికలో పేరున్న నటీనటుల్ని కలిసి, వాళ్ళ చేత కష్టసుఖాలు చెప్పించి వేసే శీర్షిక ఉండేది. సినిమావాళ్ళంతా మద్రాసులో. వాళ్ళు నాకు అందేవాళ్ళు కాదు. నాకు అందేది నాటకాలవాళ్ళు. మా వైపు పద్యనాటకమంటే మాటలు కావు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి బళ్ళు కట్టుకుని వచ్చేవాళ్ళు, చాపలు తెచ్చుకుని ముందే చోటు పట్టుకునేవాళ్ళు. అంతటి జనాన్నీ రప్పించే మనిషి మాణిక్యాంబ గారు. గోడకాగితం మీద నాటకం పేరు కంటే ఆవిడ పేరు పెద్దగా వేసేవారు. పద్యం చివర రాగం ఎత్తుకుని ఆవిడ చెయ్యి పైకి లేపితే చాలు, "వన్స్ మోర్" అని కేకలు. అదే పద్యం మళ్ళీ పాడాల్సిందే. పాడించుకోకుండా జనం కదలరు.

ఆవిడ పక్కన హార్మోనియం దేవదానం గారిది. నాటకాలవాళ్ళు దాన్ని పెట్టె అంటారు. ఆయనది కంచికచర్ల దగ్గర పల్లె. చిన్నప్పుడు చర్చిలో పాటలకు వాయిస్తూ నేర్చుకున్నాడు. ఆవిడ నాటకాల్లోకి వచ్చిన కొత్తలోనే చేరి, ఆవిడతో పాటే తల నెరిసినవాడు. ఇప్పుడు "గారు" అంటున్నాను. అప్పుడు అనలేదు. నాకంటే ఎంత పెద్దవాడో తెలిసి కూడా "ఏం దేవదానం, బాగున్నావా" అనేవాణ్ణి. ఆయన లేచి నిలబడి "బాగున్నానండి బాబుగారూ" అనేవాడు. అది తప్పని అప్పుడు నాకు తోచనైనా లేదు.

ఆవిడ జగ్గయ్యపేటలో నాటకానికి వచ్చి ఒక మిర్చి వ్యాపారి మేడ మీద దిగారు. మధ్యాహ్నం నేను కాగితాలు పట్టుకుని వెళ్ళాను. మిరియాలు వేసి కాచిన నీళ్ళు గుక్క గుక్కగా తాగుతూ చాలా చెప్పారు. చిన్నతనంలోనే పెళ్ళి చేసిన సంగతి, మొగుడు వదిలేసిన సంగతి, మొదటిసారి మొహానికి రంగు వేసుకున్న రోజు తల్లి ఇంట్లోకి రానివ్వని సంగతి. నేను తల ఎత్తకుండా రాసుకున్నాను. అడిగినదానికల్లా దాచకుండా చెప్పే మనిషి దొరకడం ఎంత అదృష్టమో అనుకుంటున్నాను. మనిషి ఎదురుగా కళ్ళు తుడుచుకుంటుంటే నేను లోపల మురిసిపోతున్నాను. ఏం పుట్టుక పుట్టానండీ!

చివర్లో గ్లాసు పక్కన పెట్టి, "ఇది మాత్రం రాయమాకు నాయనా" అన్నారు. టైఫాయిడ్ వచ్చి తగ్గినప్పటి నుంచి ఆవిడకు పైస్థాయి అందడం లేదు. పద్యమంతా ఆవిడే పాడతారు. చివరి రాగం దగ్గర, గొంతు అందని చోట, ఆవిడ నోరు తెరిచి చెయ్యెత్తి నిలబడితే దేవదానం గారి పెట్టె ఆ స్వరాన్ని అందుకుంటుంది. మైకు పెట్టె పక్కనే ఉంటుంది. తబలా వాయించేవాళ్ళు ఊరికొకరు, వాళ్ళు పసిగట్టే లోపే నాటకం అయిపోతుంది. గొంతు ఎక్కడ ఆగిందో, పెట్టె ఎక్కడ మొదలైందో చెప్పగలిగిన మగాడు లేడు. "వన్స్ మోర్ అంటారు. నన్నంటున్నారో, ఆ పెట్టెనంటున్నారో" అని ఆవిడ నవ్వారు. నవ్వుతూనే ఏడ్చారు. నాటకాలు పెట్టించే కాంట్రాక్టర్లకు తెలిస్తే ఇక పిలవరు, ఇంకో విద్య రాదు, ఈ వయసులో ఎక్కడికి పోను అన్నారు. ఇన్నాళ్ళూ తెలిసింది మా ఇద్దరికే, ఇప్పుడు నీకు అన్నారు. నేను పెన్నుకు మూత పెట్టి "ఒట్టమ్మా, రాయను" అన్నాను.

రాయలేదు. ఆ పత్రికలో రాయలేదు. ఇంటర్వ్యూ నా పేరుతో, ఆవిడ ఫొటోతో, ఎంతో గౌరవంగా వచ్చింది. సంపాదకుడు మాత్రం పెదవి విరిచాడు. బెజవాడ వెళ్ళి కనపడితే, ఉప్పు లేని కూరలా ఉందయ్యా, ఆవిడ నీకు ఏమీ చెప్పలేదు అన్నాడు. అక్కడున్న ఇద్దరు ముగ్గురు నవ్వారు. నాకు ఎక్కడో కాలింది. ఏమీ చెప్పలేదా? నాకా? ఎవరికీ చెప్పనిది నాకు చెప్పింది!

బస్సు ఎక్కడానికి వస్తూ దారిలో ఆగి, ఆ వారపత్రికకు పోటీగా నడిచే ఇంకో పత్రిక ఆఫీసులో ఆ గొంతు సంగతి నాలుగు వాక్యాల్లో రాసి ఇచ్చాను. అందులో ఎవరు రాశారో తెలియకుండా వచ్చే గుసగుసల శీర్షిక ఒకటి ఉండేది. ఆవిడ పేరు రాయలేదు, ఊరు రాయలేదు. పేరు లేకపోతే మాట తప్పినట్టు కాదని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. "చర్చిలో దేవుడి పాటలకు అలవాటైన ఆ వేళ్ళ గొప్పతనం ఎవరికి తెలుసు?" అని చివర ఒక వాక్యం తగిలించాను. ఎందుకు? వాక్యం అందంగా ఉందని. అంతకు మించి ఏ కారణమూ లేదు. ఆ రాత్రి పడుకుని దాన్ని మనసులో రెండు మూడు సార్లు చదువుకున్నాను కూడా. చర్చిలో నేర్చుకుని వచ్చిన హార్మోనిస్టు మా తాలూకాల్లో ఆయన తప్ప ఇంకొకరు లేరన్న సంగతి నాకు తట్టలేదా? తట్టి కూడా పోనీలే అనుకున్నానా? నన్ను నేను ఎన్ని సార్లు అడిగినా నా దగ్గర నిఖార్సయిన జవాబు లేదు.

నందిగామ నాటకం నాటికి ఆ పత్రిక చేతులు మారి మారి అక్కడికి చేరింది. నేను వెళ్ళలేదు. మర్నాడు మా బళ్ళో తోటి మాస్టరు చెబితే విన్నాను. మొదటి పెద్ద పద్యానికే ముందు వరసల్లోంచి "పెట్టె ఆపండి, గొంతు వినాలి" అని అరిచారట. ఒకడు మొదలెడితే అందరూ. కాంట్రాక్టరు భయపడి తెర పక్క నుంచి చెయ్యి ఊపాడట, దేవదానం గారు చేతులు వెనక్కి తీసుకున్నాడట. ఆవిడ ఒంటరిగా రాగం ఎత్తుకున్నారట. గొంతు పైకి వెళ్ళి, చీలి, ఆగిపోయింది. కొందరు నవ్వారు, కొందరు చప్పట్లు కొట్టారు. "నీ మొహమేంటి అలా పాలిపోయింది?" అన్నాడు తోటి మాస్టరు. తలనొప్పి అన్నాను.

ఆ వారంలోనే బడి పని మీద నందిగామ వెళ్ళాల్సి వచ్చింది. బస్టాండులో ట్రంకుపెట్టె మీద ఒక్కరే కూర్చుని ఉన్నారు ఆవిడ. తప్పుకుని పోదామనుకున్నాను. ఈలోపే చూశారు.

"రా బాబూ. తెలిసిన ఇద్దరిలో మాట మీద నిలబడింది నువ్వొక్కడివే, నీ పత్రికలో ఒక్క ముక్క రాయలేదు" అన్నారు.

"ఎవరు చేశారమ్మా ఈ పని?" అన్నాను. చూడండి, నేను అడిగాను!

"ఇంకెవరు? నా పక్కన కూర్చుని అన్నం తిన్నవాడే. వేళ్ళు గొప్పవంట. తన గొప్ప తనే చెప్పుకుని రాయించుకున్నాడు. మొహం చూపించొద్దు పొమ్మన్నా."

"ఆయన ఏమన్నాడమ్మా?"

"ఏమంటాడు? నేను చెప్పలేదమ్మా అన్నాడు. ఒకటే మాట. పెట్టె భుజానేసుకుని పోయాడు." నా మొహంలోకి చూశారు. "పోనీ నువ్వు చెప్పు. చదువుకున్నవాడివి. అతను కాకపోతే మరి ఇంకెవరంటావ్?"

అప్పుడు చెప్పాలి. అడిగారు, నేరుగా అడిగారు. అంతకంటే వీలు ఎవరికి దొరుకుతుంది? నా నోట్లోంచి "తెలీదమ్మా" అని వచ్చింది. బస్సు వచ్చింది. ఆవిడ ట్రంకుపెట్టె నేనే ఎత్తి లోపల పెట్టాను. "చల్లగా ఉండు నాయనా" అన్నారు. ఆ దీవెన నాకు తగిలినట్టు ఇంకే తిట్టూ తగల్లేదు.

తర్వాత ఆవిడను ఎవరూ పిలవలేదు. వేదాద్రిలో చెల్లెలి దగ్గరికి చేరారు. దేవదానం గారిని కూడా ఎవరూ పెట్టుకోలేదు. హార్మోనిస్టుకు నటుల లోపాలన్నీ తెలుస్తాయి. ఎవరికి ఎక్కడ శ్రుతి తప్పుతుందో, ఎవరు పద్యం మరిచిపోతారో అన్నీ ఆయన కడుపులోనే ఉండాలి. నోరు ఆగనివాడన్న పేరు వచ్చాక ఎంత వాయించగలిగితే మాత్రం ఏం లాభం? మా బళ్ళో టీ తాగుతూ ఆ సంగతే మాట్లాడుకున్నారు. "వాళ్ళను నెత్తిన పెట్టుకుంటే అంతే మరి" అన్నాడొకాయన. వాళ్ళంటే ఎవరో అందరికీ తెలుసు. ఆ నేరం నాలాంటి మోతుబరి రైతు కొడుకు మీద పడి ఉంటే ఇంత తేలిగ్గా నమ్మేవారా? సాక్ష్యం అడిగేవారు కదూ? నేను టీ తాగాను. చక్కెర తక్కువైందని కూడా అన్నాను.

కొన్నేళ్ళకు, ఇక తట్టుకోలేక, ఒక ఆదివారం కంచికచర్లలో దిగి నడుచుకుంటూ ఆ పల్లెకు వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను. దేవుడి మీద ఒట్టు, చెప్పేద్దామనే. దేవదానం గారు నులకమంచం వాల్చి తుండుతో దులిపి కూర్చోమన్నాడు. తను నేల మీద కూర్చున్నాడు. కూలికి పోతున్నాడట, మిరప తోటల్లో. పెట్టె చర్చికి ఇచ్చేశాడట. ఆ వేళ్ళ వంక చూశాను. గోళ్ళలో మట్టి.

నేను నోరు తెరవబోతుంటే ఆయనే మొదలెట్టాడు.

"ఎంత ఆలోచించినా గుర్తు రావట్లేదండి బాబుగారూ. ఎవరి దగ్గర అన్నానో ఏమో. ఎక్కడో నేనే నోరు జారుంటానండి. లేకపోతే అమ్మ ఉత్తిపుణ్యానికి అనే మనిషి కాదు. మా ఇంటిది కూడా అదే అంటది, నువ్వే ఎక్కడో అనుంటావని. నాకిక ఎదురుపడే మొహం లేదండి. మీకు అమ్మ కనపడితే, దేవదానం తప్పు ఒప్పుకున్నాడు, మన్నించమన్నాడని చెప్పండి."

చెయ్యని తప్పును వెతుక్కుని వెతుక్కుని, చివరికి తన మీదే వేసుకున్నాడు ఆ మనిషి. నేను మంచం మీద కూర్చుని ఉన్నాను. ఆయన నేల మీద ఉన్నాడు. "అలాగే, చెబుతాలే" అన్నాను.

మీరు ఇక్కడే ఆగి నన్ను తిట్టుకోవచ్చు. కానీ ఇంకా ఉంది. ఆ మాట నేను నిజంగానే చేరవేశాను. వేదాద్రి వెళ్ళి, ఆవిడ అరుగు మీద కూర్చుని, దేవదానం తప్పు ఒప్పుకున్నాడమ్మా, మన్నించమన్నాడు అని చెప్పాను. ఎందుకు చెప్పానో ఇప్పటికీ అర్థం కాదు. ఆవిడ మన్నిస్తే ఆయనకు మళ్ళీ పిలుపు వస్తుందనుకున్నానా? లేక ఎవరో ఒకరు ఒప్పుకుంటే నాకు నిద్ర పడుతుందనుకున్నానా? ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుని "ఒప్పుకున్నాడా? నిజంగా వాడేనా? కాదేమో, కాదేమో అని ఇన్నాళ్ళూ ఒక మూల ఆశగా ఉండేది బాబూ" అన్నారు.

ఆ ఆశ కూడా నేనే తీశాను.

ఇద్దరూ పోయారు. ముందు ఆవిడ, తర్వాత ఆయన. ఆవిడ పోయినప్పుడు ఆయనకు కబురు పెట్టినవాళ్ళు లేరు. క్షమించమని అడగడానికి నాకు ఎవరూ మిగల్లేదు. మిమ్మల్ని అడిగే హక్కు నాకు లేదు, మీరు క్షమిస్తామన్నా అది మీరు ఇవ్వగలిగింది కాదు. అయినా రాస్తున్నాను. పేరు పెట్టే ధైర్యం ఈ రోజుకీ రాలేదు, దాన్ని కూడా లెక్కలో వేసుకోండి. దేవదానం గారు ఎవరి దగ్గరా నోరు జారలేదు. పెళ్ళాం దగ్గర కూడా అనలేదు. రాసింది నేను.