తాళాలావిడ

ఆఫీసులో ఆమెను తాళాలావిడ అంటారు. కంపెనీ సమాచారం మూడు క్లౌడ్‌లలో ఉంటుంది. కంపెనీకి పనిచేసి పెట్టే బయటి సంస్థల మనుషుల్లో ఎవరిని లోపలికి రానివ్వాలో, ఎవరి దారి మూసెయ్యాలో చూడటం ఆమె పని. ఏమీ జరగనన్నాళ్లూ ఆమె ఉన్నట్టే ఎవరికీ గుర్తుండదు. ఇంటికి తాళం వేశాక కూడా రెండుసార్లు లాగి చూస్తుంది. ఆ బయటి సంస్థల్లో ఒకదాంట్లో ఈమధ్యే ఉద్యోగం మానేసిన మరిది ఆదివారం భోజనాల దగ్గర, "వదినా, మీ మూడో క్లౌడ్‌లో నా లాగిన్ ఇంకా బతికే ఉంది. నిన్న ఊరికే వెళ్లి చూసొచ్చా" అని నవ్వాడు. అతను మానేసినప్పుడు రెండు క్లౌడ్‌లలో లాగిన్ తీసేసి మూడోది మరిచిపోయింది ఆమే. చెయ్యి కడుక్కుని, లాప్‌టాప్ తెరిచి ఆ లాగిన్ తీసేసింది. తర్వాత పైఅధికారికి మెయిల్ రాయసాగింది.

"నా పేరు రాయకు వదినా, కొత్త ఉద్యోగం పోతుంది."

"ముందు నా తప్పే రాశాను. నాదీ పోవచ్చు. కూర చల్లారిపోతోంది, తిను."