టేపు చివర పట్టుకోండి, మాస్టారూ

ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టుకి పరుగు నేర్పే ఆవిణ్ణి అందరూ నిచ్చెనక్క అంటారు. తాడు నిచ్చెన ఒకటి నేలమీద పరిచి, దాని గడుల్లో చకచకా అడుగులు వేయిస్తుంది. కాలు తాడుకి తగిలిందా, మళ్ళీ మొదటికి రావాల్సిందే. కోన్ దగ్గర మలుపు తిరిగేటప్పుడు మోకాలు వంచని పిల్లని ఓ పట్టాన వదలదు. అయితే ఏ పరుగు పెట్టినా ముందు టేపుతో దూరం కొలుస్తుంది. ఇరవయ్యేళ్ళుగా ఇదే తంతు. చూసినవాళ్ళు చాదస్తం అనుకుంటారు. చాదస్తమూ కాదు, పాడూ కాదు, కక్ష.

పదహారేళ్ళప్పుడు జట్టు ఎంపికలో ఆవిడ ఓడిపోయింది. పక్క వరసలో పరిగెత్తి నెగ్గింది ఆ ఎంపిక నడిపిన ఈల మాస్టారి మేనకోడలు. ఆయన నిద్రలో కూడా మెళ్ళో ఈల తియ్యడని పిల్లలు చెప్పుకునేవాళ్ళు. ఏడుస్తూ వెళ్ళిపోయిన పిల్ల మర్చిపోయిన బూట్ల కోసం తిరిగొస్తే, కోన్లు ఇంకా అలాగే ఉన్నాయి. ఎందుకో అనుమానమొచ్చి అడుగు ముందు అడుగేసి లెక్కపెట్టింది. మేనకోడలి వరస ఎనభై అడుగులు, తన వరస ఎనభై ఏడు. వెళ్ళి అడిగితే, ఓడిపోయినదానివి నాకు కొలతలు నేర్పుతావా అని ఆయన నవ్వాడు. ఆ నవ్వు ఆవిడ ఈనాటికీ మర్చిపోలేదు.

ఈ ఏడు ఎంపికకి ఆయనే మనవరాల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆవిణ్ణి గుర్తుపట్టలేదు. ఆ పిల్ల వరసలో కోన్ రెండంగలు వెనక్కి జరపాలని నిచ్చెనక్కకి చెయ్యి దురద పెట్టింది. తప్పని ఆగలేదు, ఆయనకి తెలియకుండా చేస్తే మజా ఏముందని ఆగింది.

తల్లిదండ్రులందరి ముందూ టేపు చివర ఆయన చేతికిచ్చింది.

"పట్టుకోండి మాస్టారూ. అప్పుడు నా వరసలో ఏడడుగులు ఎక్కువ పెట్టారు. ఈసారి అందరూ చూస్తుండగా కొలుద్దాం."

ఆయన అప్పుడు ఆవిణ్ణి పరకాయించి చూశాడు.

"నిజమేనా తాతయ్యా?" అంది మనవరాలు.

ఆయన టేపు మీది అంకెలు చూస్తూ నిలబడ్డాడు.

పిల్ల పరిగెత్తింది, నిక్కచ్చిగా నెగ్గింది. జాబితాలో దాని పేరే నిచ్చెనక్క మొదట రాసింది.

ఇప్పుడు పెరట్లో తాతయ్య కోన్లు పెడితే, పిల్ల మాట్లాడకుండా లోపలికెళ్ళి టేపు తెచ్చి కొలుచుకుంటుందట. పిల్ల తల్లి వచ్చి ఈ సంగతి చెప్పి బాధపడింది. నిచ్చెనక్క ఆమెని ఓదార్చి పంపేసి, ఆ పూట కడుపునిండా తింది.